25 అను అంకెతో యువకుల నిజాయితీని తూచవచ్చునా?

మన సంఘపు వ్యాయామ ఉపసంఘము వారు ఈ సంవత్సరపు దేహదారుఢ్య పోటీలకై సిద్ధపరచిన నియమావళి ముసాయిదా సభ్యులందరకును చేరియుండును. అందలి తొమ్మిదవ నియమమును చదివిన పిమ్మట ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పినది కాదు. పోటీలో దిగు ప్రతి యువకునకును ఎత్తు, బరువు, కొవ్వుపాలు కొలిచి, కొవ్వు రహిత దేహభార సూచిక యను లెక్క కట్టవలెననియు, ఆ లెక్క 25 దాటినచో వానిని మందులు వాడినవానిగా నెంచి బహుమతికి అనర్హునిగా ప్రకటింపవలెననియు ఆ నియమము చెప్పుచున్నది.

ఉపసంఘము వారి ఉద్దేశము మంచిదే. సూదిమందులు, గోలీలు నేడు పట్టణములకే గాక చిన్న ఊళ్ళ వ్యాయామశాలలకు కూడ ప్రాకినవి. మన పిల్లలను వాని బారినుండి కాపాడవలెనని తలచుటలో మా అందరి మాటయు నొక్కటే. కాని కాపాడవలెనని పట్టిన కఱ్ఱ ఎవరి వీపున పడునో చూచుకొనవలసిన బాధ్యత కూడ మనపై నున్నది. ఆ అంకె ఎక్కడిదో, ఏమి కొలుచునో, ఏమి కొలువలేదో తెలిసికొనకయే దానిని నియమముగా వ్రాసికొనుట తగదని నా అభిప్రాయము.

మొదట సూచికల సంగతి. బరువును ఎత్తు యొక్క వర్గముచే భాగించుట బెల్జియము దేశీయుడైన కెటెలే యను గణితవేత్త 19వ శతాబ్దపు పూర్వార్ధమున చూపిన లెక్క. దానికే 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు యాన్సెల్ కీస్ నేడు అందరికిని తెలిసిన బి.ఎం.ఐ. యను పేరు పెట్టెను. ఇది జనసమూహముల లెక్కలకు పనికివచ్చును గాని, ఒక్క మనిషి దగ్గరకు వచ్చుసరికి కండకును కొవ్వుకును భేదము నెరుగదు. దీనికి చక్కని నిదర్శనము మన దేశముననే కలదు. పూనాకు చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టరు జాన్ యుడ్కిన్ అను నిరువురు 2004లో తమ ఇద్దరి కొలతలనే లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇద్దరి బి.ఎం.ఐ. కూడ 22.3. కొవ్వుపాలు మాత్రము ఇంగ్లండు వైద్యునికి నూటికి 9.1, మన వైద్యునికి నూటికి 21.2. కాటాపై ఇద్దరును సమానులే. లోపలి సరుకు మాత్రము వేరు.

ఈ లోపమును సవరించుటకే కొవ్వు బరువును తీసివేసి మిగిలిన బరువును ఎత్తు వర్గముచే భాగించు పద్ధతి వచ్చినది. దానినే కొవ్వు రహిత దేహభార సూచిక యనుచున్నారు. వ్యాయామశాలల కుర్రవాండ్రు ఎఫ్.ఎఫ్.ఎం.ఐ. అందురు. 1990లో వాన్ ఇటాలీ యను వైద్యుడును ఆయన సహచరులును దీనిని ప్రతిపాదించినప్పుడు మనుష్యుల పోషకాహార స్థితిని అంచనా కట్టుటకై ప్రతిపాదించిరి. చిక్కిపోయినవానిని గుర్తించుటకు పుట్టిన కొలబద్ద నేడు బలిసినవానిపై నేరము మోపుటకు వచ్చి చేరినది!

లెక్క ఎట్లు కట్టుదురో ఒక ఉదాహరణము చూపెదను. 165 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు, నూటికి 15 వంతుల కొవ్వు గల కుర్రవాడున్నాడనుకొందము. కొవ్వు 9 కిలోలు పోగా మిగిలినది 51 కిలోలు. దానిని 1.65 యొక్క వర్గముచే భాగించిన 18.7 వచ్చును. పొట్టివారికి అన్యాయము జరుగకుండుటకై 1.80 మీటర్ల ఎత్తును ప్రమాణముగా పెట్టుకొని, ఎంత తక్కువైన అంత తేడాను 6.3చే గుణించి కలుపుదురు. ఆ సవరణ ఇచ్చట 0.95. మొత్తము 19.7 అగును. ఇంతియే లెక్క, అయిదవ తరగతి పిల్లవాడు కూడ చేయగలడు. చిక్కు లెక్కలో లేదు.

ఇక 25 సంగతి. 1995లో హారిసన్ పోప్ మున్నగు నలుగురు అమెరికా పరిశోధకులు 157 మంది పురుష వ్యాయామవీరులను కొలిచిరి. వారిలో 83 మంది స్టెరాయిడ్లను వాడినవారు, 74 మంది వాడనివారు. వాడనివారి సూచికలు 25.0 వరకు వచ్చి ఆగిపోయినవి. వాడినవారిలో అనేకులు దానిని సులభముగా దాటిరి. కొందరు 30 కూడ మించిరి. ఈ పరిశోధన గొప్పదే, నేను కాదనను. కాని 74 మందిలో అందరికంటె పెద్ద అంకె 25 అయినంత మాత్రమున మానవజాతికి బ్రహ్మదేవుడు గీచిన గీత 25 అగునా? మా వర్తకుల భాషలో చెప్పవలెనన్న, సంతలో 74 బస్తాలు విప్పి చూచి, వానిలో మిక్కిలి పొడవైన గింజను చేతబట్టుకొని, ఇంతకు మించిన గింజ ఏ పొలమునను పండదని ప్రమాణము చేయుట వంటిది. మఱునాడు 75వ బస్తా వచ్చును.

ఆ పరిశోధనలోనే మఱొక విశేషమున్నది. దానిని మన ఉపసంఘము వారు గమనించినట్లు లేదు. 1939 మొదలు 1959 వరకు మిస్టర్ అమెరికా బిరుదు పొందిన 20 మంది సూచికలను కూడ వారు అంచనా కట్టిరి. స్టెరాయిడ్లు వ్యాపింపక పూర్వపు వారు గనుక వీరు మందులు ఎరుగనివారని తలచిరి. వారి సగటు 25.4. సగటే 25 దాటినదన్న, ఆ ఇరువది మందిలో పలువురు 25కు పైననే యుండిరని వేరుగ చెప్పనక్కరలేదు గదా. అట్లయినచో 25 హద్దు ఎట్లయినది? ఆ కాలమున కూడ మందులుండెనని కొందరు సమాధానము చెప్పుదురు. అదియు కొట్టివేయదగినది కాదు. టెస్టోస్టెరోనును ప్రయోగశాలలో 1935లోనే తయారుచేసిరి, డయానబాల్ గోలీలు 1958లో అంగడికి వచ్చినవి. కాని ఆ మాట ఒప్పుకొన్నచో పాతవారిని సాక్ష్యముగా తెచ్చుటకే వీలులేదు. ఎటు చూచినను ఆ గీత చెరిగిపోవుచునే యున్నది.

తరువాత వచ్చిన కొలతలు దానిని ఇంకను చెరిపివేసినవి. 2017లో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ ఆటగాండ్రను 235 మందిని కొలిచి ప్రకటించిన పరిశోధనలో, ఎత్తు సవరణ చేసిన పిమ్మట కూడ నూటికి 26 మంది 25 దాటియుండిరి. జపానులోని సూమో మల్లులలో కొవ్వు పోగా మిగిలిన బరువే నూరు కిలోలు మించినవారిని 1994లోనే కొలిచి చూపిరి. వీరందరును మందులు ముట్టనివారని నేను సంతకము చేయలేను. అయినను అందరును దొంగలేయని సంతకము చేయుటకు ఉపసంఘము వారికి మాత్రము అధికారమెక్కడిది? పైగా బాగుగ తిని బరువు పెరిగినవానికి కొవ్వుతో బాటు కండయు నీరును కూడ పెరుగును. సన్నని నడుముతో 25 చూపుటకును, పెద్ద బొజ్జతో 25 చూపుటకును చాల భేదమున్నది. నియమములో ఆ భేదము వ్రాయనేలేదు.

ఇప్పుడు కాటా సంగతికి వత్తును. ఇది నా వృత్తికి దగ్గరి విషయము గనుక కొంచెము విస్తరించి వ్రాసిన పాఠకులు క్షమింతురు గాక.

1956 నాటి తూనికలు కొలతల చట్టము వచ్చి సేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చినవి. ఆనాటినుండి నేటివరకు మేము వాడు ప్రతి తూనికరాయికిని, ప్రతి కాటాకును నియమిత కాలమునకు ప్రభుత్వపు ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని కాటాతో పావుకిలో పప్పు అమ్మినను శిక్షార్హులమే. మఱి ఒక యువకుని పరువును తూచబోవు కాటాకు ఏ ముద్ర యున్నది? బరువు, ఎత్తు సరిగానే కొలువవచ్చును. మూడవదియైన కొవ్వుపాలే చిక్కు. చర్మమును వ్రేళ్ళతో మడిచి పట్టి, పటకారు వంటి సాధనముతో మందము కొలుచుట ఒక పద్ధతి. ఇద్దరు కొలిచిన రెండు విధములుగా వచ్చును. ఒక్కరే రెండుమార్లు కొలిచినను ఒక్కొక్కప్పుడు తేడా కనబడును. ఆ మందమును కొవ్వుపాలుగా మార్చు సూత్రములు పాశ్చాత్య దేశీయులను కొలిచి 1970 ప్రాంతములలో కట్టినవి. మన భారతీయుల శరీరములలో అదే బరువునకు కొవ్వు హెచ్చుగ నుండుననియు, పొట్ట లోపల అది దాగియుండుననియు పైన చెప్పిన పూనా వైద్యుని ఉదాహరణమే చూపుచున్నది. పరాయి కొలబద్ద మనకు ఎంతవరకు సరిపోవునో ఆలోచింపుడు. రెండవ పద్ధతి, కాళ్ళక్రింద పలకనుంచి స్వల్ప విద్యుత్తును పంపి కొలుచు యంత్రము. అది నిజమునకు కొలుచునది దేహములోని నీటిని. నీళ్ళు త్రాగక వచ్చినవానికి ఒక అంకె, త్రాగి వచ్చినవానికి మఱొక అంకె చూపును. ఎముకలను కూడ తీయు ఎక్స్‌రే యంత్రపు పద్ధతి వీనికంటె మేలు. అది పెద్ద ఆసుపత్రులలోని మాట, మన వార్షికోత్సవపు పందిరిలోని మాట కాదు.

ఈ తప్పు ఎంతవరకు పోవునో చూడుడు. 170 సెంటీమీటర్లు, 80 కిలోలు గల యువకుని ఒకరు కొలిచి కొవ్వు నూటికి 10 అనిరి. సూచిక 25.5 వచ్చును, వాడు దొంగ. మఱొకరు కొలిచి 14 అనిరి. సూచిక 24.4 వచ్చును, వాడు సత్యసంధుడు, బహుమతికి అర్హుడు. నాలుగు వంతుల తేడా ఈ సాధనములతో వింత కాదు. అదే కుర్రవాడు, అదే దినము, అదే చెమట!

కొవ్వు పోగా మిగిలినదంతయు కండ యని తలచుట కూడ పొరబాటు. బస్తా బరువులో గోనెకు తరుగు తీసినంత మాత్రమున మిగిలినదంతయు బియ్యమగునా? ఊక యున్నది, తవుడున్నది, అన్నిటికంటె ముందు తేమ యున్నది. ధాన్యము కొనునప్పుడు నూటికి 17 దాటిన తేమను ఒప్పుకొనమని ప్రభుత్వము వారే నియమము పెట్టినారు. మనిషి దేహములో కొవ్వు తీసివేయగా మిగిలినదానిలో నూటికి 73 వంతులు నీరే. ఎముకలు, కాలేయము, గుండె, ప్రేగులు అన్నియు అందే చేరును. పెద్ద ఎముకల కాపువాని కొడుకు పుట్టుకతోనే ఒకటి రెండు పాళ్ళు ముందుండును. అది వాని తండ్రితాతల యాస్తి. వాని నేరము కాదు.

పొట్టివారికై కలుపు సవరణ కూడ పొడుగు దేశముల లెక్కయే. 1952లో మిస్టర్ యూనివర్స్ బిరుదు గెలిచిన మనోహర్ ఐచ్ ఎత్తు 4 అడుగుల 11 అంగుళములు మాత్రమే. 104 సంవత్సరములు బ్రతికి 2016లో పోయినారు. అటువంటి ఎత్తుగల వానికి ఈ సూత్రము ప్రకారము కలుపవలసిన సవరణయే ఇంచుమించు 1.9. అనగా వాని కండతో నిమిత్తము లేకయే, కాగితముపై రెండు పాళ్ళు వచ్చి పడును. హద్దు దగ్గరకు వచ్చిన పొట్టివానిని ఈ కలుపుడే అవతలకు త్రోయవచ్చును. మన కుర్రవాండ్రలో ఆరడుగుల వారెందరు, అయిదున్నర అడుగుల లోపువారెందరు?

ఇంతవరకు చెప్పినది నిర్దోషికి జరుగు అన్యాయము. దీనికంటె నన్ను కలతపెట్టునది రెండవ వైపు. 1996లో షలేందర్ భాసిన్ అను వైద్యుడును సహచరులును ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. 43 మంది ఆరోగ్యవంతులను నాలుగు జట్లుగా చేసి, కొందరికి వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరోనును, కొందరికి ఉత్త సూదియు పది వారములు ఇచ్చిరి. కసరత్తు మాత్రమే చేసినవారికి కొవ్వు రహిత భారము సగటున 1.9 కిలోలు పెరిగినది. మందు పుచ్చుకొని కసరత్తు లేక కూర్చుండినవారికి 3.2 కిలోలు, మందును కసరత్తును రెండును గలవారికి 6.1 కిలోలు పెరిగినవి. కూర్చుండి తిన్నవాడు చెమటోడ్చినవానిని మించుట చూడుడు! పిల్లలు మందులకు ఏల లోబడుచున్నారో దీనివలన తెలియుచున్నది.

ఆ 6.1 కిలోలను పైన చెప్పిన 165 సెంటీమీటర్ల కుర్రవానికి కలిపి చూడుడు. 51 కిలోలు 57.1 అగును. సూచిక 19.7 నుండి 21.9కి పెరుగును. మందు పుచ్చుకొన్నను వాడు 25కు మూడు పాళ్ళ క్రిందనే యున్నాడు. మన నియమము ప్రకారము వాడు శుద్ధుడు. వేదికపై దండ వేయించుకొనును. అదృష్టము బాగుండిన నిజముగా కష్టపడినవాని బహుమతిని కూడ తీసికొనిపోవును. మన ప్రాంతపు యువకులలో అధికసంఖ్యాకులు ఇట్టి సన్నని దేహములవారే. వారి విషయమున ఈ గీత కాపలా కాయజాలదు. అంతేకాదు, 25 లోపల నున్నంతవరకు భయము లేదని మనమే వారికి నేర్పినవారమగుదుము.

అట్లని సూచిక బొత్తిగా పనికిరానిదని నేననను. సన్నని నడుముతో 28, 29 చూపువానిని చూచి అనుమానింపకుండుట అమాయకత్వము. ఒకే మనిషిని, ఒకే చేతితో, ఒకే సాధనముతో ఏడాది పొడవున కొలిచినచో సాధనములోని తప్పు చాలవరకు రెండు వైపులను సమముగా నుండును గనుక, వచ్చిన మార్పు కొంత నమ్మదగినది. నాలుగు నెలలలో మూడు పాళ్ళు ఎగబ్రాకినవానిని పిలిచి, చాటుగా, తండ్రి సమక్షమున అడుగవచ్చును. అడుగుట వేరు, తీర్పు చెప్పుట వేరు.

మన పెద్దలు కోడి రామమూర్తి నాయుడు గారి పేరెత్తక ఈ చర్చను ముగింపనీయరు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామశాల నడపి, దేశదేశములు తిరిగి, కడపటి దినములు ఒరిస్సాలోని బలాంగీరులో గడపి 1942లో కన్నుమూసిన ఆ కలియుగ భీముని మనవాడని చెప్పుకొనుటకు ఇటు ఒరిస్సాలోని తెలుగువారికి ప్రత్యేకమైన హక్కున్నది. ఇటీవల కొందరు యువకులు ఆయన పాత ఛాయాచిత్రములను చూచి సూచిక లెక్క కట్టుచున్నారని వింటిని. ఛాయాచిత్రములో కొవ్వుపాలు ఎట్లు కనబడునో నాకు తెలియదు! ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొన్నాడని పేరుపొందిన మనుష్యునికి నేడు 24 గాని 27 గాని వచ్చిన నేమి? దండీలు, బస్కీలు, సంగిడీలు నేర్పిన వస్తాదులు శిష్యుని చేతి చుట్టుకొలతను త్రాటితో కొలిచిరేమో గాని, ఆ త్రాటిని వాని మెడకు చుట్టలేదు.

మనది చిన్న సమాజము. పొరుగు భాషవారి నడుమ నాలుగు వందల గడప బ్రతుకుచున్నాము. ఒకరి సంగతి ఒకరికి తెలియనిది లేదు. పందిరిలో మైకు ముందు "ఫలానావాని సూచిక 25.5, అనర్హుడు" అని చదివిన సాయంకాలమునకే ఆ మాట "సూదులు పొడిపించుకొన్నవాడు" అయి వీధి చివర చేరును. మఱునాడు వాని చెల్లెలి సంబంధము మాట్లాడవచ్చినవారి చెవిని పడును. తప్పు తేలిన తరువాత ఉపసంఘము వారు క్షమాపణ పత్రము అచ్చువేసినను ఆ మాట వెనుకకు రాదు. క్రీడాకారుల సర్టిఫికెట్టుపై ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొను పిల్లలు కూడ మనలో నున్నారు.

నేరము మోపుటకు దేశములో సరియైన మార్గమొకటి కలదు. 2022లో పార్లమెంటు డోపింగు నిరోధక చట్టమును చేసినది. జాతీయ సంస్థవారు మూత్రము, రక్తము తీసి పరీక్ష చేయింతురు. అనుమానితునకు తన మాట చెప్పుకొను అవకాశమిత్తురు. అట్టి పరీక్షలలోనే 2023లో మన దేశపు 5,606 నమూనాలలో 213 దోషయుక్తములని తేలినవి, నూటికి 3.8 వంతున హెచ్చు పరీక్షలు జరుపు దేశములలో మనమే మొదటివారము. ఇది సిగ్గుపడవలసిన విషయమే. ఒలింపిక్ సంఘము వారు 1975లో స్టెరాయిడ్లను నిషేధించినప్పుడు కూడ మూత్రపరీక్షనే నమ్మిరి గాని టేపును నమ్మలేదు.

మన వార్షిక పోటీకి ఆ ఖర్చు పెట్టలేమన్నది నిజము. కాబట్టి తొమ్మిదవ నియమమునకు బదులుగా నేను సవరణ యొకటి వ్రాసితిని. సూచికను ఎవ్వరి అర్హతకును ఆధారము చేయరాదు. కొలతలు గైకొన్నను అవి యువకునికిని, పదునెనిమిది నిండనివాడైన వాని తల్లిదండ్రులకును మాత్రమే తెలుపవలెను. వేదికపై గాని, ఈ పత్రికలో గాని చదువరాదు, వ్రాయరాదు. వృషణములు క్షీణించుట, సంతానశక్తి తగ్గుట, కాలేయము, గుండె చెడుట మున్నగు మందుల ఫలితములను పోటీకి నెల ముందుగా ఒక వైద్యునిచే తెలుగులో చెప్పింపవలెను. పేరు, తయారీ వివరములు లేని పొడి డబ్బాలను వ్యాయామశాల ఆవరణలో అమ్మనీయరాదు. నాబోటి వర్తకులు కూడ తమ దుకాణములలో పెట్టరాదు. ఈ చివరి మాటకు కొందరు సోదర వర్తకులకు నాపై కోపము రావచ్చును. ఆ డబ్బాలలో లాభమెంతయో నాకును తెలియును.

బహుమతులలో ఒకటి, గడచిన ఏడాది కంటె తన బలమును ఎక్కువగా పెంచుకొన్నవానికి, ఎత్తిన బరువును బట్టి ఇచ్చిన బాగుండునని కూడ సూచించితిని. ఇది సర్వసభ్య సమావేశము వారి ఇష్టము.

సవరణ ప్రతిని కార్యదర్శి గారికి అందజేసితిని. చదువగోరు సభ్యులు సంఘ కార్యాలయములో గాని, పగటివేళ మా దుకాణములో గాని చూడవచ్చును.